మర్లేసి చూసిన ఊరు

(కరీంనగర్‌లో చదివిన స్మారకోపన్యాసం పాఠం)



సారు పేరు నా వెనక బ్యానరు మీద పెద్దక్షరాలతో ఉంది. నేను మాత్రం ఈ గంటసేపూ సారు అనే అంటాను. పేరుపెట్టి ప్రస్తావిస్తే ఎక్కడినుంచో "ఎవడ్రా అది?" అని వినిపిస్తుందేమోనని ఈ వయసులో కూడా నాకు బెదురు.

సారు డ్రాయింగు టీచరు కాకముందు వెండి తీగపని ఇంట్లో పెరిగిన పిల్లవాడు. ఎలగందులలో మొదలై కరీంనగర్‌కు చేరిందని చెప్పుకునే పని అది. ఇవాళ ఫిలిగ్రీ అంటున్నాం. దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఢిల్లీ నుంచి వచ్చే పెద్దలకు జ్ఞాపికలుగా ఇస్తున్నాం. పన్నీరుబుడ్లు, అత్తరుదానులు, నెమళ్లు. బడిలో మేం గీసిన బొమ్మ చూపిస్తే సారు ఊరికే తల ఊపేవారు. ఇంట్లో కుంపటి దగ్గర ఎవరైనా చేసిన వస్తువు చేతికిస్తే మాత్రం ముందు వైపు అసలు చూసేవారు కాదు. "మర్లేయ్" అనేవారు. తీగపనిలో ముందు వైపు ముద్దుగా ఉంటుంది, ఉండక తప్పదు. టంకం ఎక్కడ ఎక్కువైంది, ఎక్కడ అందలేదు, లావు తీగతో కట్టిన చట్రం ఎక్కడ వంకరపోయింది, ఇవన్నీ వెనకే దొరుకుతాయి. వంకాయకూరకు వంకాయలు కొన్నా తొడిమ వైపే చూస్తారని సారు ఇల్లాలు నవ్వేవారు.

నిర్వాహకులు నన్ను సారు కళ గురించి మాట్లాడమన్నారు. అందుకు తగినవాళ్లు ఈ హాల్లో పదిమంది ఉన్నారు, వాళ్లముందు నేను నోరు విప్పడం బాగుండదు. నేను ఎకనామిక్స్ చెప్పుకుని రిటైరైనవాణ్ణి. "మీరు చూసొచ్చిందేదైనా చెప్పండి, నాయినకు అదే ఇష్టం" అని సారు పెద్దమ్మాయి ఫోన్లో అన్నాక ఒప్పుకున్నాను. కాబట్టి ఎడారి పక్కన ఉన్న ఒక ఊరి గురించి చెబుతాను. ఆ ఊరు నిజ్వా. ఒమన్ దేశంలో ఉంది.

2019 ఫిబ్రవరిలో వెళ్లాను. మా తమ్ముడు ఇరవై ఏళ్లుగా మస్కట్‌లో ఎలక్ట్రీషియన్. ఇన్నేళ్లూ "రా అన్నా" అనడమూ, నేను "చూద్దాం లే" అనడమూ. రిటైరయ్యాక సాకులైపోయాయి. బయల్దేరే ముందు సారు చేసిన చిన్న వెండి ఆకు ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రావి ఆకు, బొటనవేలంత. నా పెళ్లికి ఇచ్చారు. అందులో ఒక ఈనె దగ్గర టంకం కొంచెం పొంగింది. "వెనక చూడకు" అని చెప్పి మరీ ఇచ్చారు, నేను చూస్తానని తెలిసే.

మస్కట్ నుంచి లోపలికి వెళ్లే దారి ఇవాళ నున్నగా ఉంది, రెండు గంటల్లోపే నిజ్వాలో దిగొచ్చు. 1970లో సుల్తాన్ కాబూస్ గద్దెనెక్కేనాటికి ఆ దేశం మొత్తం మీద పదికిలోమీటర్ల తారు రోడ్డు ఉండేదంటారు. దారంతా హజర్ కొండలు, గడ్డిపోచ లేని గోధుమరంగు రాయి. మానేరు ఎండిపోయినప్పుడు చూసి 'అయ్యో ఎడారైపోయింది' అనే అలవాటున్న నాకు, ఆ రాళ్లు చూశాక ఆ మాట ఇంకెప్పుడూ వాడకూడదనిపించింది. ఓ మలుపు తిరగ్గానే కింద పచ్చటి చాప పరిచినట్టు ఖర్జూరవనం. దాని మధ్య మట్టిరంగు కోట, గుండ్రటి బురుజు, మసీదు గుమ్మటం.

ఒయాసిస్సు అంటే మా చిన్నప్పటి సాంఘికశాస్త్రం పుస్తకంలో బొమ్మ ఉండేది. ఒక కుంట, మూడు ఖర్జూరచెట్లు, నీళ్లు తాగుతున్న ఒంటె. ఎడారిలో ప్రకృతి ఇచ్చిన వరం అని కింద రాసి ఉండేది. పరీక్షలో నేనూ అదే రాశాను, రెండు మార్కులు వచ్చాయి. నిజ్వాలో రెండు రోజులు తిరిగాక ఆ రెండు మార్కులు వాపసు ఇచ్చేయాలనిపించింది. ఆ ఊళ్లో కుంట లేదు. వరం కూడా లేదు. ఏడాదికి పడే వాన నాలుగైదు అంగుళాలకు మించని చోట, ఆ పచ్చదనం మొత్తం పనివాళ్లు చేసిన వస్తువు. కుండలాగా, కత్తిలాగా, సారు నెమలిలాగా చేత్తో చేసింది. కాకపోతే అది చేసిన పని ఉన్నది వెనక వైపు. మర్లేస్తే తప్ప కనపడదు.

ఊరి అంచున ఫలజ్ దారిస్ అని ఒక కాలువ ఉంది. ఇప్పుడక్కడ పార్కు చేశారు, సెలవురోజున పిల్లలు నీళ్లలో కాళ్లాడిస్తూ కూర్చుంటారు. నేనూ కూర్చోబోయి, నాచు మీద జారి, బూట్లతో సహా మోకాళ్లదాకా దిగిపోయాను. ఒక ఒమనీ కుటుంబం నన్ను పైకి లాగి, ముందు ఖర్జూరాలు, తర్వాత కాఫీ ఇచ్చింది. నేను తడిసినందుకు కాదు, వాళ్ల ఎదుట కూర్చున్నందుకు.

ఆ కాలువ గజం పైచిలుకు వెడల్పు, అంతే. కానీ అందులో నీళ్లు ఎక్కడివి? మా తమ్ముడి స్నేహితుడొకాయన, నిజ్వా మనిషే, స్కూల్ టీచరు, కాలువ వెంట ఎగువకు నడిపించాడు. కొంతదూరం పోయాక కాలువ నేలలోకి దూరింది. ఆపైన నేలమీద వరసగా గుండ్రటి మూతలు, బావి గట్లలాగా. అవన్నీ ఒకే సొరంగానికి గాలిరంధ్రాలు, తవ్విన మట్టి పైకి తోడిన దారులు. ఆ వరస కొండపాదాల దాకా పోయి తల్లిబావి దగ్గర ఆగుతుంది. జబల్ అఖ్దర్ కొండమీద పడే కొద్దిపాటి వాన సున్నపురాయిలోకి ఇంకి, కొండ కింది గులకరాళ్ల పొరల్లో నిలుస్తుంది. అక్కడ బావి తవ్వి, నీటిమట్టం కిందనుంచి పిసరంత వాలుతో సొరంగం తవ్వుకుంటూ ఊరివైపు తెస్తారు. ఊరు కిందుగా ఉంది కాబట్టి నీళ్లు తమంతట తామే వెలుగులోకి వస్తాయి. మోట లేదు, ఎద్దు లేదు, మోటారు లేదు. దారిస్ పొడవు దాదాపు 8 కిలోమీటర్లు. వాలు ఎక్కువైతే నీళ్లు సొరంగం అడుగును కోసేస్తాయి. తక్కువైతే మట్టి పేరుకుని పూడిపోతుంది. ఎనిమిది కిలోమీటర్ల మేర, చీకట్లో, నూనెదీపంతో, ఆ పిసరంత వాలు తప్పకుండా తవ్వడం గురించి ఆలోచించండి. కమ్మచ్చు పలక బెజ్జంలోంచి వెండి తీగ లాగేటప్పుడు ఒక్క చోట చెయ్యి తొందరపడితే తీగ తెగుతుంది కదా, ఇక్కడ తెగేది ఊరు.

ఒమన్‌లో ఇలాంటివి మూడువేల పైచిలుకు ఇప్పటికీ పారుతున్నాయి. దారిస్‌తో కలిపి ఐదింటిని 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఫలజ్‌లలో మూడు రకాలు. ఊటనుంచి వచ్చేవి ఐనీ, వాగునీటిని మళ్లించేవి గైలీ, సొరంగంతో తెచ్చేవి దావూదీ. మనకూ అనంతపురం వైపు ఊటకాలువలు ఉన్నాయి, ఐనీకి మేనత్త బిడ్డలు అనుకోవచ్చు. దావూదీ అన్న పేరు వెనక కథ ఉంది. దావూద్ కొడుకు సులేమాన్ ప్రవక్త గాలిలో వెళుతూ ఒమన్‌లో దిగాడట. జనం దాహం చూసి, తన కింద పనిచేసే జిన్నులకు ఆజ్ఞ ఇచ్చాడట. వాళ్లు రోజుకు వెయ్యి చొప్పున పదిరోజుల్లో పదివేల కాలువలు తవ్వేశారట.

మన దగ్గర రాత్రికి రాత్రి దేవతలు కట్టిన గుళ్లు ఎన్ని లేవు! ఇలాంటి కథ ఎక్కడ విన్నా నాకు ఒక అనుమానం. పని మరీ గొప్పగా ఉండి, చేసినవాడికి మరీ తక్కువ ఇచ్చినప్పుడు, ఆ పనిని జిన్నుల ఖాతాలోనో దేవతల ఖాతాలోనో రాసేస్తారేమో. మన చెరువుకట్టలు పోసింది వడ్డెరలు. శాసనంలో ఉండేది రాజు పేరు, రాణి పేరు, మంత్రి పేరు. ఒమన్‌లో మాత్రం ఈ సొరంగాలు తవ్వడంలో, పూడిక తీయడంలో పేరుపడ్డ తెగ ఒకటుంది, అవామిర్ అంటారు. నేల చూసి నీళ్లెక్కడో చెప్పే నేర్పు వాళ్లదని నిజ్వాలో ఎవర్నడిగినా అన్నారు. జిన్నులతో పాటు వాళ్ల పేరు కూడా జనం నోట మిగిలినందుకు సంతోషించాను.

సొరంగం సగం పనే. ఫలజ్ అనే మాటకు మూలంలో ఉన్న అర్థం పంచడం, విడదీయడం. నీళ్లు వెలుగులోకి వచ్చిన చోటునుంచి రెండో పనితనం మొదలవుతుంది. మొట్టమొదటి చోట ఎవరైనా సరే, బాటసారైనా సరే, తాగడానికి నీళ్లు పట్టుకోవచ్చు. దానికి వంతు లేదు, వాటా లేదు. తర్వాత మసీదు దగ్గర వుజూ, అంటే నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే చోటు. ఆ కిందుగా మగవాళ్ల స్నానాలగది, ఇంకా కిందుగా ఆడవాళ్లది. ఆ దిగువన పోయినవారికి స్నానం చేయించే గది. ఇవన్నీ దాటాకే నీళ్లు తోటలోకి పోతాయి. తోటల్లో కూడా ముందు ఖర్జూరాలకు, మిగిలితే గోధుమకు, గడ్డికి. కరువొస్తే గోధుమను ఎండబెడతారు, చెట్టును ఎండబెట్టరు. పంట మళ్లీ వేసుకోవచ్చు, చెట్టును కాపుకు తేవాలంటే ఏళ్లు పడుతుంది.

తోటల్లో లెక్క కాలంతో. వాటాకు కొలత అసర్, అంటే అరగంట. పగలు ఇరవైనాలుగు, రాత్రి ఇరవైనాలుగు. ఇన్ని రోజులకొకసారి నీ వంతు వస్తుందని ఒక చుట్టు ఉంటుంది, దాన్ని దౌరాన్ అంటారు. ఈ అరగంటలు ఆస్తి. వీటిని అమ్ముకోవచ్చు, కూతురికివ్వచ్చు, మసీదుకు రాసివ్వచ్చు. నేల ఒకరిది, దానిమీద పారే అరగంట మరొకరిది కావచ్చు. విల్కిన్సన్ అనే ఆంగ్లేయ పండితుడు 1977లో ఈ నీటి వ్యవస్థ మీద, ఒమనీ తెగల మీద పెద్ద పుస్తకమే రాశాడు. క్లాసులో ఉమ్మడి వనరుల గురించి ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన నేను ఆ పుస్తకం పేరు కూడా వినలేదు, ఆ సిగ్గు నాది.

ఆ టీచరు మమ్మల్ని దగ్గర్లోని ఒక పల్లెకు తీసుకెళ్లి ఆరీఫ్‌ను చూపించాడు. ఆరీఫ్ అంటే నీటి వంతులు చూసే మనిషి. వకీల్ అని మొత్తానికి పెద్ద ఒకడుంటాడు, అతని కింద ఇతను. అరవై దాటిన బక్కపలచటి మనిషి, చేతిలో కర్ర, చంకలో పొడవాటి లెక్కలపుస్తకం. ఇసుకలో పాతిన ఒక గుంజ చూపించాడు, చుట్టూ నేలమీద గీతలు. గుంజనీడ ఏ గీత మీద పడితే ఆ వంతు మొదలు. రాత్రిపూట నక్షత్రాలు చూసేవారట. ఫలానా చుక్క ఫలానా కొండకొమ్ము దాటితే ఫలానా తోటకు నీళ్లు. "ఇప్పుడూ చుక్కలే చూస్తారా?" అని అడిగించాను. ఆయన మణికట్టు పైకెత్తి కాసియో వాచీ చూపించి నవ్వాడు.

సరిగ్గా అప్పుడే ఒక వంతు మారింది. నేను ఎదురుచూసింది ఏదో తలుపు, చక్రం, తాళం. అక్కడున్నది ఒక రాతిపలక, దాని చుట్టూ కుక్కిన పాతగుడ్డలు. ఒక కుర్రాడు వంగి గుడ్డలు పీకి, పలక ఎత్తి, ఐదడుగుల అవతల ఇంకో కంతలో పెట్టి, మళ్లీ అవే గుడ్డలు సందుల్లో కుక్కాడు. నీళ్లు ఒక్క క్షణం తటపటాయించి రెండోవైపు తిరిగాయి. మొదటి తోటలో చప్పుడు ఆగిపోయింది. మా ఊరి చెరువు తూము దగ్గర నీరటి ఇలాగే మట్టి, గడ్డి కలిపి తొక్కి నీళ్లాపడం నా చిన్నప్పుడు చూశాను. ఆయనకు పంటమీద కల్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. ఇప్పుడు మా చెరువుకు పూడిక తీసి, కట్ట పోసి, రాయి పరిచి, బోర్డు పెట్టారు. నీరటి మాత్రం లేడు. తూము దగ్గర తగాదా వస్తే పోలీస్‌స్టేషన్‌కు పోతున్నారు.

ఆరీఫ్ పుస్తకంలో కొన్ని వంతులు ఎవరివీ కావు, ఫలజ్‌వే. వాటిని జనం ముందు వేలం పాడతారు. వచ్చిన డబ్బుతో సొరంగం పూడిక తీయిస్తారు, గోడలకు సున్నం పూస్తారు. అంటే కాలువ తన అరగంటలు తానే అమ్ముకుని తన వైద్యం తానే చేయించుకుంటుంది. ఇది విన్నప్పుడు నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. ముందువైపు చూసే ప్రభుత్వాలకు ఈ ఊహ రాదు. కొత్తది కట్టడానికి నిధులుంటాయి, ఏటేటా పూడిక తీసేవాడికి ఉండవు.

అక్కడంతా బాగుందని కాదు. డెబ్భైల తర్వాత డీజిలు పంపులు, కరెంటు మోటార్లు వచ్చాయి. పంపున్నవాడికి ఆరీఫ్ అక్కర్లేదు, దౌరాన్ అక్కర్లేదు, పక్కవాడితో మాటే అక్కర్లేదు. వాడు లోతునుంచి లాగినకొద్దీ తల్లిబావిలో మట్టం దిగుతుంది. మన బోరుబావుల కథ మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ పల్లెలోనే ఎండిపోయిన ఇంకో ఫలజ్ చూశాను. సొరంగం మూతలు విరిగి, లోపల ప్లాస్టిక్ సీసాలు. దాని చివర తోటలో తలలు రాలిన మోళ్లు, స్తంభాల్లా నిలబడి.

ఇప్పుడు బజారుకు వద్దాం, మీరంతా దానికోసమే ఓపిగ్గా కూర్చున్నారని తెలుసు.

నిజ్వా సూకు కోటను ఆనుకుని ఉంటుంది. చాలా భాగం మళ్లీ కట్టింది, కొంచెం అతిశుభ్రంగా ఉంది. శుక్రవారం పొద్దున్నే పశువుల సంత. మేకల్ని గుండ్రంగా తిప్పుతూ నడిపిస్తుంటే చుట్టూ కూర్చున్న జనం వేలెత్తి బేరమాడతారు. హల్వా వండే దుకాణం ఒకటి, రాగి బానలో ఇద్దరు వంతులవారీగా తెడ్డు తిప్పుతూ. కోటలో ఖర్జూరం బస్తాలు పేర్చే గది ఉంది. నేలంతా గాడులు, బస్తాల బరువుకు కారిన పాకం ఆ గాడుల్లోంచి పోయి జాడీల్లో చేరుతుంది. యుద్ధమొస్తే అదే పాకాన్ని మరిగించి శత్రువుల నెత్తిన పోసేవారట. పోర్చుగీసువాళ్లను 1650లో మస్కట్‌నుంచి తరిమిన ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించిన కోట అది. కోటల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు.

వెండిపనివారి వరసలో ఒక పెద్దాయన దుకాణం ముందు ఆగాను. ఖంజర్ చేస్తాడు. ఒమన్ జెండా మీద ఉండే వంపుకత్తి అదే. మగవాళ్లు పెళ్లికీ పండక్కీ నడుముకు ముందువైపు పెట్టుకుంటారు. 2022లో యునెస్కో ఈ పనితనాన్ని కూడా తన జాబితాలో చేర్చింది, నేను వెళ్లిన మూడేళ్లకు. ఒరకు వెండి తొడుగు, దానిమీద పువ్వులూ లతలూ, పట్టీకి కట్టుకునే వెండి ఉంగరాలు. నడుంపట్టీ అయితే వెండిదారంతో నేసిందే. పిడికి ఒకప్పుడు ఖడ్గమృగం కొమ్ము వాడేవారు. దాని వ్యాపారం నిషేధించాక చందనం, ఇతర కర్రలు, కొమ్ములు వచ్చాయి.

సారు దగ్గర చదువుకున్నవాణ్ణి, చెయ్యి ఊరుకుంటుందా? "వెనక చూడొచ్చా?" అని మా తమ్ముడి చేత అడిగించాను. ఆయన అదోలా చూసి, ఖంజర్ తిప్పి నా చేతిలో పెట్టాడు. ఒర చివర దాదాపు మూలమట్టంగా వంగి ఉంటుంది కదా, కత్తి మాత్రం అంత వంగదు. లోపల అలుగు కొద్ది వంపుతో మధ్యలోనే ఆగిపోతుంది. ఆ వంపంతా అలంకారమే. ఒర వెనకాల, ఎవరికీ కనపడకుండా, ఒక బుల్లి చాకు దోపి ఉంది. పిడికి వెండితీగ చుట్టారు. అది రోజూ పనికొచ్చే కత్తి. పండు కోయడానికి, తాడు తెంపడానికి, ముల్లు తీయడానికి. నేను దాన్ని లాగి మళ్లీ పెడుతుంటే ఆయన మొహంలో నవ్వు మొదలైంది. "నువ్వు ఏం పని చేస్తావు?" అని ఉర్దూలో నన్నే సూటిగా అడిగాడు. అక్కడ ఉర్దూ తెలిసినవాళ్లు చాలామంది.

చెప్పడానికి సిగ్గేసి, జేబులోంచి రావి ఆకు తీసి ఇచ్చాను.

ఆయన కళ్లద్దాలు నుదుటి మీదనుంచి కిందికి దించాడు. ముందువైపు చూడలేదు. ఆకును అరచేతిలో బోర్లించి, గోటితో పొంగిన టంకం తడిమాడు. తర్వాత నావైపు చూసి, బొటనవేలు చూపుడువేలు కలిపి దారం లాగినట్టు సైగ చేసి, పక్కనున్న ఇనుపపెట్టె తెరిచాడు. అందులో చేతి మందాన ఉక్కు పలక, వరసగా బెజ్జాలు, పెద్దదానినుంచి సూదిమొన పట్టేంత వరకు. కమ్మచ్చు! సారు ఇంట్లో గూట్లో ఉండేది అచ్చం ఇదే. వాళ్లు దాన్ని ఏమంటారో ఆయన చెప్పాడు కానీ, ఆ సంబరంలో నా చెవికెక్కలేదు. పటకారుతో ఒక వెండి తీగ కొన పట్టి ఒక బెజ్జంలోంచి లాగి, పక్క బెజ్జంలోకి మార్చి మళ్లీ లాగి, నా చేతికిచ్చాడు. లాగాను. తెగింది. ఇద్దరం నవ్వుకున్నాం.

వెండి ఎక్కణ్ణుంచి అని అడిగితే, అద్దాలపెట్టె అడుగునుంచి ఒక పెద్ద నాణెం తీశాడు. ఒకవైపు బొద్దుగా ఉన్న ఒక రాణీగారు, రెండోవైపు రెండు తలల గద్ద. ఆస్ట్రియా మహారాణి మారియా థెరీసా. ఆమె 1780లో పోయింది. నాణెం మాత్రం ఆ తర్వాత కూడా అదే సంవత్సరం ముద్రతో నూటయాభై ఏళ్లకు పైగా వెలువడుతూనే వచ్చింది, 1940, 41లలో బొంబాయి టంకశాలలో కూడా ముద్రించారు. అరేబియా అంతటా చెల్లుబాటు. ఇరవైఎనిమిది గ్రాములు, పదోవంతుల్లో ఎనిమిది పైగా వెండి. ఎడారి కంసాలికి ఇదే ముడిసరుకు. నాణెం కరిగితే కడియం. ఆడపిల్లకు మెహర్‌గా ఇచ్చిన కడియం, ఆమె పోయాక కరిగించి మళ్లీ ఇంకో పిల్లకు. అందుకే మరీ పాత వెండి నగలు దొరకవని చెప్పాడు. నూనె డబ్బు వచ్చాక ఆడవాళ్లు వెండి అమ్మి బంగారం కొన్నారు, ఇప్పుడు ఆ వెండిని టూరిస్టులు కొంటున్నారు. రాణీగారిని నాకు అమ్మజూశాడు. కొనలేదు. కొనాల్సింది.

అదే వరసలో తలగుడ్డల దుకాణాల్లో ఒక వస్తువు కోసం వెతికాను. చీరాలలో, తర్వాత మన పుట్టపాకలో నేసిన తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడల్లో వెళ్లేవి. నూలును నూనెలో, ఆముదపుకాయల బూడిదలో నానబెట్టి, రంగద్దకముందే ముడులు కట్టి నేసేవి. ఎర్ర, నలుపు, తెలుపు. ఎండలో తలకు చలవ అని అక్కడివాళ్లు ఇష్టపడేవారు. నిజ్వాలో ఆ పేరు ఎవరికీ తెలియలేదు. నా ఫోనులో ఫోటో చూపిస్తే ఒక కుర్రాడు "మేజాబల్ల గుడ్డా?" అన్నాడు. పడుగులోనూ పేకలోనూ ముడివేసిన రుమాలు కాబట్టి దానికి ముందూ వెనకా ఒకటే. సారు చేతికి ఒకసారి ఇచ్చి చూశాను. అటు తిప్పి ఇటు తిప్పి, "వీళ్లు నాకు పనిలేకుండ చేసిన్రు" అన్నారు.

మర్నాడు బహ్లా వెళ్లాం, నిజ్వాకు పడమరగా ముప్పావుగంట. 1987లో అక్కడి మట్టికోటను వారసత్వ జాబితాలో చేర్చి, మరుసటి ఏడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి మార్చారు. దాన్నుంచి బయటపడింది 2004లో. ఊరి చుట్టూ పన్నెండు కిలోమీటర్ల పాత ప్రహరీ. బహ్లా అంటే ఒమనీలకు మంత్రగాళ్ల ఊరు. సూకులో ఒక చెట్టును జిన్నులు ఎత్తుకుపోకుండా గొలుసులతో కట్టేశారని చెబుతారు. నేను వెళ్లింది కుమ్మరుల కోసం.

ఆ కుమ్మరి గోతిలో కూర్చున్నట్టుగా కూర్చుని, కాలితో కింది చక్రాన్ని తన్నుతూ పైదాన్ని తిప్పుతున్నాడు. మన సారెను కర్రతో తిప్పి వదిలేస్తారు, ఊపు తగ్గేలోపు కుండ అయిపోవాలి. అతని సారెకు ఆ తొందర లేదు, కాలు ఆడినంతసేపు తిరుగుతుంది. చేస్తున్నది జహ్లా, నీళ్లకుండ. అడుగు గుండ్రం, నేలమీద నిలవదు. తాళ్లు కట్టి వేలాడదీస్తారు, నాలుగువైపులా గాలి తగిలి నీళ్లు చల్లబడతాయి. కాల్చిన జహ్లా ఒకటి చేతిలోకి తీసుకుని వేలితో కొట్టి చూశాను, అందరూ చేసేట్టే. అతను తల అడ్డంగా ఊపి, ఒక గ్లాసెడు నీళ్లు అందులో పోశాడు. ఓపికగా ఒక పావుగంట. బయటివైపు చెమట పట్టినట్టు సన్నటి తడి తేలింది. ఒకచోట మాత్రం, అరచేతంత మేర, పొడిగా ఉంది. అక్కడ వేలితో చూపించి, ఆ కుండను పక్కకు తీసి పెట్టేశాడు. మరీ ఎక్కువ కాలినచోట నీళ్లు ఊరవు, అక్కడ చల్లదనం రాదు. మోగే కుండ మంచిదని మనం అనుకుంటాం. అతనికి కావలసింది సరిగ్గా కారే కుండ.

ఇక ఒక్క మనిషి గురించి చెప్పి ముగిస్తాను.

నిజ్వా తోటల్లో నడుస్తుంటే పైనుంచి తెలుగుపాట వినిపించింది. తలెత్తి చూస్తే ఖర్జూరచెట్టు కొసన ఒకతను, నడుం చుట్టూ తాడు, చెట్టుకూ నడుముకూ కలిపి. ఫిబ్రవరి అక్కడ పూత కాలం. మగచెట్టు పూరెమ్మ తెచ్చి ఆడచెట్టు గెలలో పెట్టి కట్టాలి. గాలి చేసే పనే, కానీ గాలిని నమ్ముకుంటే కాపు సగం రాదు. కాబట్టి ప్రతి ఆడచెట్టూ ఎక్కాలి. మా తమ్ముడు కిందనుంచి కేకేశాడు. అతను దిగాడు. కోరుట్ల దిక్కు మనిషి, నలభై ఉంటాయి.

"మా నాయిన తాళ్లెక్కేటోడు సార్. చిన్నప్పుడు నాకు మోకు ముట్టనియ్యలే, సదువుకో అన్నడు. సదువు అబ్బలే. గల్ఫుకొచ్చినంక ఇగో, చెట్టే దొరికింది."

తాడు చూపించమన్నాను. ఖర్జూరపు నారతో పేనింది, వీపుకు ఆనేచోట వెడల్పుగా అల్లింది. మన గౌండ్ల ముత్తాదుకు తోబుట్టువు. మర్లేసి చూశాను. వీపుకు ఆనే వైపు నారపోగులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. ఒకచోట నైలాన్ తాడుతో కుట్లు. "అది నేనే కుట్టిన సార్. కఫీల్‌ను కొత్తది అడగాల్నంటె..." అని, యజమాని మాట రాగానే ఆపేశాడు.

పోయినేడు ఎండబెట్టిన ఖర్జూరాలు ఒక పొట్లం కట్టి ఇచ్చాడు. మబ్సలీ అనే రకం, పచ్చిగా ఉన్నప్పుడే కోసి, పెద్ద రాగిబానల్లో ఉడికించి, ఎండలో ఆరబెడతారు. తబ్సీల్ అంటారు ఆ పనిని. ఆ ఎండుఖర్జూరాలు చాలాకాలంగా మనదేశానికే ఎగుమతి. మన ఒడిబియ్యంలో కుడుకలు, పోకలు, పసుపుకొమ్ముల పక్కన వేసే ఖర్జూరం ఉంది చూడండి, దాని పుట్టిల్లు అలాంటి బాన. అతని చెల్లెలికి ఆ నెలలోనే ఒడిబియ్యం పోస్తున్నారట. రాలేడు. "అమ్మకియ్యండి సార్, నేను ఎక్కిన చెట్టువే అని చెప్పుండ్రి" అన్నాడు.

తిరిగొచ్చాక కోరుట్ల దగ్గర ఆ ఇంటికి వెళ్లాను. గోడకు మోకు ఇంకా వేలాడుతోంది, పక్కన తండ్రి ఫోటో, దండ. ఆ తల్లి పొట్లం విప్పింది. ఒక ఖర్జూరం తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇవి మన దుకాణంల గూడ దొరుకుతయి గద సారూ" అంది.

దొరుకుతాయమ్మా అన్నాను. మీ కొడుకు ఎక్కిన చెట్టువట అని చెప్పాను. ఆమె ఆ ఒక్కటీ మళ్లీ పొట్లంలో వేయకుండా పిడికిట్లోనే ఉంచుకుంది. కాసేపటికి, గోడవైపు చూసి,

"ఆ చెట్లు ఎంతెత్తు ఉంటయి?" అని అడిగింది.

అతను దిగిన చెట్టు మా డాబాకు రెండింతలుంది. నాకు తాడు మీది నైలాన్ కుట్లు గుర్తొచ్చాయి.

"తాటిచెట్టంత ఉండవమ్మా" అన్నాను.